కరెంటు పోతే ఇంక్యుబేటర్‌లో గుడ్లు, షెడ్డులో కోళ్లు: ఏం చేయాలి, ఏం చేయకూడదు

కరెంటు పోయిన మొదటి పది నిమిషాల్లో ఇంక్యుబేటర్‌లోని గుడ్లకు ఏమీ కాదు. ఆ పది నిమిషాల్లో మనం కంగారుపడి చేసే పనులే కొంప ముంచుతాయి. మూత తీసి చూడటం, గాలి రంధ్రాల్లో గుడ్డలు కుక్కడం, కొవ్వొత్తి వెలిగించి లోపల పెట్టడం, ఇవన్నీ చల్లబడిపోతాయన్న భయంతో చేసేవే. అసలు ముప్పు వచ్చే వరుస వేరు. గాలి ఆడకపోతే అన్నిటికంటే త్వరగా ప్రాణం పోతుంది, వేడి మితిమీరితే ఆ తర్వాత, చల్లబడితే అన్నిటికంటే ఆలస్యంగా. పెద్ద కోళ్లకూ ఇదే వరుస. కొత్తగా పుట్టిన పిల్లల దగ్గర మాత్రం లెక్క మారుతుంది, వాటికి చలి కూడా తొందరగానే తగులుతుంది. వాటి సంగతి కింద విడిగా చెప్తాను.

ముందు గుడ్ల వయసు తేల్చుకోండి

కోడి గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. బాతుకు 28, మస్కోవీ బాతుకు 35, టర్కీకి 28, గిన్నీ కోడికి 26 నుంచి 28, కౌజు పిట్టకు 17 లేదా 18. కింద చెప్పే రోజులన్నీ కోడి గుడ్డువి, మిగతావాటికి అదే నిష్పత్తిలో లెక్కేసుకోండి.

మొదటి వారంలో గుడ్డులో ఉన్న పిండం చాలా చిన్నది, సొంతంగా వేడి దాదాపు పుట్టించదు, కాబట్టి చల్లబడితే ఎదుగుదల నెమ్మదిస్తుందే తప్ప వెంటనే చచ్చిపోదు. పొదుగు మీద ఉన్న పెట్ట కూడా రోజుకోసారి లేచి, మేత తిని, నీళ్లు తాగి, దుమ్ములో పొర్లి ఓ పావుగంటకో ఇరవై నిమిషాలకో తిరిగొస్తుంది, ఆ కాసేపు గుడ్లు చల్లబడుతూనే ఉంటాయి. రెండో వారం మధ్యకు వచ్చేసరికి పిండం తన వేడి తనే పుట్టించుకోవడం మొదలుపెడుతుంది. 18వ రోజు దాటాక ఆ వేడి గట్టిగానే ఉంటుంది, ఆక్సిజన్ కూడా ఎక్కువ కావాలి. అందుకే 4వ రోజు గుడ్లకు పనికొచ్చే దుప్పటి, 19వ రోజు గుడ్లు కిక్కిరిసిన పెద్ద మెషీన్‌కు ప్రాణాంతకం కావచ్చు.

ఫ్యాను ఉన్న ఇంక్యుబేటర్‌లో ఉండాల్సింది 37.5 డిగ్రీల సెల్సియస్. ఫ్యాను లేనివాటిలో గుడ్డు పైభాగం ఎత్తులో కొలిస్తే 38.5 దాకా ఉండొచ్చు. ఇక్కడి నుంచి రెండు మూడు డిగ్రీలు పైకి పోయి కొన్ని గంటలు అలాగే ఉంటే బ్యాచ్ మొత్తం పోయే ప్రమాదం ఉంది, అదే రెండు మూడు డిగ్రీలు కిందకి దిగితే పిల్లలు కాస్త ఆలస్యంగా వస్తాయి, అంతే. మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్లు పెంపకందార్లకు ఇచ్చే సలహాలో, 32 డిగ్రీల కంటే తక్కువలో 18 గంటల వరకు ఉండి కూడా పిండాలు బతికిన సందర్భాలున్నాయని రాశారు. పిల్లలయ్యే శాతం 40, 50కి పడిపోవచ్చని కూడా అందులోనే చెప్పారు. కరెంటు రాత్రంతా పోయినా ట్రే మొత్తం పారబోయాల్సిన పని లేదన్నమాట.

కరెంటు పోయిన నిమిషం నుంచి

టైము రాసుకోండి. తర్వాత చేసే ప్రతి నిర్ణయానికీ ఈ టైమే ఆధారం, గుర్తుంటుందిలే అనుకుంటే గుర్తుండదు. ప్లగ్గు తీసేయండి, ఎందుకంటే కరెంటు తిరిగొచ్చేటప్పుడు ఓల్టేజి ఎగిరిపడి కంట్రోలర్ కాలిపోవడం మామూలే. మూత మాత్రం తీయకండి.

ఇక గంటలోపు వచ్చేస్తుందని తెలిస్తే ఇంకేం చేయక్కర్లేదు. థర్మోకోల్ ఇంక్యుబేటర్ వేడిని బాగానే పట్టి ఉంచుతుంది, పారదర్శకమైన ప్లాస్టిక్ మూత ఉన్నది త్వరగా వదిలేస్తుంది. రెండో రకమైతే పైన, పక్కల ఒక రగ్గు కప్పండి, గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. గాలులు వీచే గదిలో ఉంటే కిటికీలు వేసేయండి.

గంట దాటేలా ఉందంటే వేడినీళ్ల సీసాలు రంగంలోకి దిగాలి. అయితే ఇవి ఎంత పని చేస్తాయో ముందు లెక్క చూడండి. రెండు లీటర్ల సీసాలో 45 డిగ్రీల నీళ్లు పోసి లోపల పెడితే, అవి 38కి దిగేలోపు ఇచ్చే వేడి సుమారు 16 వాట్ అవర్లు. మీ ఇంక్యుబేటర్ సగటున 30 వాట్లు తింటుందనుకుంటే అది అరగంట వేడి. కాబట్టి ఒక సీసా పెట్టేసి పడుకుంటే కుదరదు, అరగంటకో ముప్పావుగంటకో మార్చాలి, మార్చిన ప్రతిసారీ మూత తీయాలి. దీనికంటే మంచి పని, గుడ్లు పెట్టే రోజే ఖాళీ ఉన్న మూలల్లో నీళ్లు నింపి గట్టిగా బిరడా బిగించిన చిన్న సీసాలు పెట్టేయడం. అవి గుడ్లతో పాటే 37.5కి వేడెక్కి కూర్చుంటాయి, కరెంటు పోయినప్పుడు లోపలి వేడి పడిపోయే వేగాన్ని తగ్గిస్తాయి. తర్వాత పెట్టే సీసాల్లో కాగే నీళ్లు పోయకండి, 45 దాటొద్దు, సీసా గుడ్లకు ఆనకూడదు.

లోపల ఎంత వేడి ఉందో గాలిలో వేలాడే థర్మామీటర్ చెప్పే అంకె చూసి బెంబేలెత్తకండి. గాలి నిమిషాల్లో చల్లబడుతుంది, గుడ్డు లోపలి భాగం చాలా నెమ్మదిగా. గుడ్డంత చిన్న ప్లాస్టిక్ సంచిలో నీళ్లు నింపి, అందులోకి థర్మామీటర్ ప్రోబ్ దించి మూతి కట్టేసి గుడ్ల మధ్యే పెట్టుకుంటే, గుడ్డు లోపల దాదాపు ఎంత ఉందో బయటి నుంచే తెలుస్తుంది. ఇది లేకపోతే గుడ్డును కనురెప్పకు ఆనించి చూసే పాత పద్ధతి ఉండనే ఉంది, అక్కడి చర్మానికి తేడా బాగా తెలుస్తుంది.

వందల గుడ్లు పట్టే క్యాబినెట్ మెషీన్ అయితే పద్ధతి పూర్తిగా వేరు. ఫ్యాను ఆగిపోగానే వేడంతా పై ట్రేలకు చేరుతుంది, ముదురు గుడ్లున్న ట్రేలు తమ వేడితోనే ఉడికిపోతాయి. గది వెచ్చగా ఉండి, గుడ్లు రెండు వారాలు దాటి ఉంటే తలుపు కొద్దిగా తెరిచిపెట్టండి, పై ట్రేలో ఉష్ణోగ్రత పదేసి నిమిషాలకు చూస్తూ ఉండండి. గది చల్లగా ఉండి గుడ్లు లేతవైతే తలుపు మూసే ఉంచండి. రెండూ కలిసి ఉన్నాయా, పైనేమో ముదురువి, కిందేమో లేతవి? ముదురువాటి మాటే వినాలి, ఎందుకంటే లేతవి చలికి ఓర్చుకుంటాయి.

గుడ్లు తిప్పే మోటారు కూడా ఆగి ఉంటుంది. రెండు మూడు గంటలకు ఏం కాదు. అంతకు మించితే, సీసా మార్చడానికి మూత తీసినప్పుడే చేత్తో తిప్పేయండి, విడిగా మరోసారి తీయొద్దు. 18వ రోజు తర్వాత తిప్పే పనే లేదు.

చివరి మూడు రోజుల గుడ్లు మాత్రం నిజంగా టెన్షన్ పెట్టేవి. అప్పుడు తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. పిల్ల పెంకును ముక్కుతో పొడిచాక మూత తీస్తే ఆ తేమ ఒక్కసారిగా పోయి, లోపలి పొర ఆరి పిల్లకు బిగుసుకుంటుంది, ఇక అది తిరగలేదు, బయటికి రాలేదు. తప్పనిసరై తీయాల్సి వస్తే గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డ ముందే సిద్ధం చేసుకుని, సీసాతో పాటే ట్రే పక్కన వేసి, క్షణాల్లో మూసేయండి. బయటికొచ్చి తడి ఆరిన పిల్లలు లోపల ఉంటే వాటి గురించి తొందర లేదు. పొట్టలో మిగిలిన పచ్చసొనతో రెండు రోజుల పైనే మేత, నీళ్లు లేకుండా ఉండగలవు.

కొవ్వొత్తి, కిరోసిన్ దీపం, బొగ్గుల కుంపటి ఇంక్యుబేటర్ లోపలే కాదు, తలుపులేసిన గదిలో కూడా వద్దు. ఆక్సిజన్ తినేస్తాయి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతాయి, దానికి గుడ్డులో పిల్లా ఒకటే, పక్కన కూర్చుని కాపలా కాసే మీరూ ఒకటే. థర్మోకోల్ డబ్బా పక్కన మంట గురించి వేరే చెప్పాలా!

ఇంట్లో పొదుగుకొచ్చిన పెట్ట ఉంటే అంతకు మించిన బ్యాకప్ లేదు. చీకటి పడ్డాక, అది కూర్చున్న చోటే, పది పన్నెండు గుడ్లు ఒక్కొక్కటిగా కిందికి జరపండి. పగలు పెడితే లేచిపోవచ్చు. పొదుగు మీద లేని పెట్టను పట్టుకొచ్చి గంప కింద మూసేస్తే మాత్రం అది పొదగదు, గుడ్లు తొక్కి పగలగొడుతుంది.

కరెంటు వచ్చాక

ఐదు నిమిషాలు ఆగి ప్లగ్గు పెట్టండి. సెట్టింగు చూడండి, కొన్ని చవక కంట్రోలర్లు కరెంటు పోయి రాగానే ఫ్యాక్టరీ అంకెకు మారిపోతాయి, రోజుల లెక్క, తిప్పే టైమరు సున్నాకు పోతాయి. పోయిన టైముకు బదులు తీర్చాలని ఒక డిగ్రీ పెంచొద్దు. ఇది చాలామంది చేసేదే, చలికి బతికి బయటపడిన గుడ్లను ఈ డిగ్రీతో చంపుకుంటారు. వేడినీళ్ల సీసాలు కూడా తీసేయండి, హీటరుకు తోడు అవీ ఉంటే లెక్క తప్పుతుంది. చల్లబడిన గుడ్ల మీద చెమ్మ పడితే తుడవకండి, తుడిస్తే పైనున్న క్రిములు పెంకు రంధ్రాల్లోకి పోతాయి, దానంతటదే ఆరనివ్వండి.

నాలుగు నుంచి ఆరు రోజుల తర్వాత చీకట్లో టార్చి పెట్టి చూడండి. ఎర్రటి నరాలు సన్నగా అల్లుకుని, లోపల కదలిక కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. నరాలు చెదిరి ఒక ఎర్రటి వలయంలా మిగిలితే పోయినట్టు, తీసేయండి. మరుసటి రోజే చూసి తీర్పు చెప్పొద్దు. 21వ రోజుకు రాలేదని కూడా పారేయకండి, ఎన్ని గంటలు చల్లబడ్డాయో దాన్ని బట్టి ఒకటి రెండు రోజులు అదనంగా ఆగండి.

ముందే చేసిపెట్టుకోవాల్సినవి

రాత్రి రెండింటికి కరెంటు పోతే మీకు తెలిసేదెలా? ఆటోమేటిక్‌గా వెలిగే ఎమర్జెన్సీ లైటు పడకగదిలో పెట్టుకున్నా చాలు, కానీ ఇంక్యుబేటర్ ప్లగ్గు దగ్గర ఫ్యూజు ఒక్కటే పోతే ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అందుకని ఇంక్యుబేటర్ ఉన్న సాకెట్టు లైన్ మీదే అలారం ఉండాలి. మెయిన్స్ కరెంటుతో పనిచేసే చిన్న రిలే (కరెంటు ఉందా లేదా అన్నదాన్ని బట్టి దానంతటదే మారే స్విచ్), ఒక 9 ఓల్టుల బ్యాటరీ, ఒక బజరు, ఇంతే సామాను. రిలే కాయిల్‌ను ఆ సాకెట్టుకు కలపాలి. బ్యాటరీని, బజరును రిలేలో కరెంటు లేనప్పుడు కలిసి ఉండే కాంటాక్టు గుండా కలపాలి. కరెంటు ఉన్నంతసేపు రిలే ఆ కాంటాక్టును విడదీసి పట్టుకుంటుంది, పోగానే వదిలేస్తుంది, బజరు మోగుతుంది. మెయిన్స్ వైపు పని తెలిసినవాళ్లతోనే చేయించండి. నెలకోసారి ప్లగ్గు పీకి బజరు మోగుతోందో లేదో చూడండి, బ్యాటరీ చచ్చిన అలారం ఉన్నా లేకున్నా ఒకటే.

బ్యాటరీ బ్యాకప్ లెక్క చాలామందికి తేలదు, ఇంక్యుబేటర్ మీద 60 వాట్లని రాసి ఉంటే అదే పట్టుకుంటారు. హీటరు ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి సగటు 30 దగ్గర ఉండొచ్చు, ప్లగ్గులో పెట్టే వాట్ మీటరుతో ఒక రోజంతా కొలిస్తే తెలిసిపోతుంది. 12 ఓల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 1200 వాట్ అవర్లు, లెడ్ యాసిడ్ రకాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గుతుంది, కాబట్టి చేతికొచ్చేది 600. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే 30 వాట్లకు 35 లాగుతుంది, ఇన్వర్టర్ తన కోసమే ఇంకో పది తింటుంది. 600ను 45తో భాగిస్తే 13 గంటలు. గది చల్లగా ఉంటే సగటు వాట్లు పెరిగి ఇది ఇంకా తగ్గుతుంది. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండేది సాధారణంగా 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అది గంటకు అటూ ఇటూ. ఫ్యాను మోటారు, డిజిటల్ కంట్రోలర్ ఉన్నవాటికి ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే (మెయిన్స్ కరెంటులాగే సాఫీగా ఇచ్చేది) తీసుకోండి. 12 ఓల్టులతో నేరుగా నడిచే ఇంక్యుబేటర్ దొరికితే ఇంకా మంచిది, ఇన్వర్టర్‌లో పోయేదంతా ఆదా అవుతుంది.

జనరేటర్ బయటే ఉండాలి, కిటికీకి, షెడ్డు గాలి వచ్చే వైపుకు దూరంగా. ఛేంజోవర్ స్విచ్ (ఇంటిని బయటి లైన్ నుంచి విడదీసి జనరేటర్‌కు మార్చేది) లేకుండా ఇంటి వైరింగ్‌కు కలిపితే లైన్ మీద పనిచేసే మనిషి ప్రాణం పోతుంది. నెలకోసారి లోడు పెట్టి కాసేపు నడపండి, ఊరికే స్టార్ట్ చేసి ఆపేయడం పరీక్ష కాదు.

ఇంకో చిన్న పని. మీరు ఇంట్లో లేనప్పుడు ఇదంతా చేయాల్సింది వేరేవాళ్లు, కాబట్టి గుడ్లు పెట్టిన తేదీ, మూత తీయొద్దన్న మాట, సీసాలెక్కడున్నాయో, మీ ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి మెషీన్‌కు అంటించండి.

బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచి పెంచే చోటు) పిల్లలు

మొదటి వారం పిల్లలకు 32 నుంచి 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోతాం. ఈకలు సరిగా వచ్చేదాకా ఒంటి వేడిని అవి నిలుపుకోలేవు. అయితే కరెంటు పోయినప్పుడు పిల్లలు నేరుగా చలికంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందవి ఊపిరాడక చనిపోవడం ఎక్కువ. చలి, చీకటి రెండూ ఒకేసారి రావడంతో అన్నీ ఒక మూలకు తోసుకుంటాయి. కాబట్టి బ్రూడర్‌కు మూలలు లేకుండా అట్టతో గుండ్రంగా చేయండి, కరెంటు పోగానే వెలిగే చిన్న బ్యాటరీ లైటు ఒకటి పైన కట్టండి.

ఆ తర్వాత పాతికేసి పిల్లలను విడదీసి అట్టపెట్టెల్లోకి మార్చండి. అడుగున నాలుగు వేళ్ల మందాన ఊక, ఒక చివర 50, 60 డిగ్రీల నీళ్ల సీసా గుడ్డలో చుట్టి, రెండో చివర ఖాళీ. పిల్లే తనకు కావాల్సిన చోటికి జరుగుతుంది. పైన దుప్పటి, పక్కల గాలి రంధ్రాలు. చలిగా ఉందో లేదో తెలియాలంటే ఒక పిల్లను తీసి దాని పాదాలను మీ చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే పిల్లకు చలేస్తోంది, వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. అరుపు కూడా చెప్తుంది, తీక్షణంగా ఆగకుండా అరుస్తుంటే చలి, తమలో తాము గొణుక్కుంటుంటే హాయిగా ఉన్నట్టు, నోళ్లు తెరిచి రెక్కలు దించి అంచులకు పోతే వేడెక్కువైనట్టు. నీళ్లు గోరువెచ్చగా ఇవ్వండి.

పెద్ద కోళ్లు, ఎండలో ఫ్యాన్లు ఆగితే

ఈకలు నిండిన కోడి చలికి భయపడదు, తడి, ఈదురుగాలి తగలకపోతే చాలు. దానికి శత్రువు వేడి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని దారి. 30 దాటితే రొప్పడం మొదలవుతుంది, 35 పైన ప్రమాదం, ముందు పోయేవి బరువెక్కిన బ్రాయిలర్లు. పూర్తిగా మూసి ఫ్యాన్ల మీదే నడిచే షెడ్డులో అయితే గంటలు కాదు, నిమిషాల మాట. కరెంటు పోగానే పరదాలు వాటంతటవే జారేలా ఉండాలి, లేకపోతే ఎవరో ఒకరు పరుగెత్తాలి.

మామూలు పెరటి షెడ్డులో అన్ని పక్కలా పరదాలు ఎత్తేయండి, వీలుంటే చెట్టు నీడలోకి వదలండి. మేత తీసేయండి, అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది, చల్లబడ్డాక సాయంత్రం పెట్టొచ్చు. ఊకలో బరువుగా కూలబడ్డ కోళ్ల మధ్య నెమ్మదిగా నడిచి లేపండి, వాటి కింద చిక్కుకున్న వేడి బయటపడుతుంది. బెదరగొట్టొద్దు, రెక్కలు కొట్టుకుంటే ఇంకా వేడెక్కుతాయి. కప్పు మీద తడి గోనె సంచులు పరవండి. కోళ్ల మీద నీళ్లు చల్లడం మాత్రం ఆలోచించి చేయాలి. పొడి గాలి ఆడుతుంటే లాభం, గాలి కదలక ఉక్కపోతగా ఉంటే తేమ పెరిగి రొప్పినా వేడి పోదు, చేసిన మేలు కీడవుతుంది. వడదెబ్బతో పడిపోయిన కోడిని ఐసు నీళ్లలో ముంచకండి, మామూలు నీళ్లతో కాళ్లు, తలపై ఎర్రటి తురాయి, గడ్డం కింద తమ్మెలు తడిపి గాలి విసరండి. చచ్చినవాటిని కూర వండుకోవద్దు, లోతుగా పాతిపెట్టండి.

నీళ్ల విషయం విడిగా చూసుకోవాలి, మోటారు కూడా కరెంటు మీదే కదా. వంద పెద్ద కోళ్లు మామూలు రోజున పాతిక ముప్పై లీటర్లు తాగుతాయి, ఎండల్లో దానికి రెట్టింపు. రెండు రోజులకు సరిపడా ఎత్తైన ట్యాంకులో ఎప్పుడూ ఉంచండి. ఎండకు కాగిన పైపుల్లోని నీళ్లు వదిలేసి చల్లటివి రానివ్వండి.

ఆటోమేటిక్ తలుపు ఉంటే పొద్దుగూకేలోపు చేత్తో మూయండి, కరెంటు కంచె బ్యాటరీ చూసుకోండి, పిల్లి, ముంగిస, కుక్కలకు చీకటి రాత్రి చాలు. గుడ్లు పెట్టే కోళ్లకు అదనపు లైటు ఒకటి రెండు రోజులు లేకపోతే పెద్దగా పట్టించుకోకండి. ఫ్రిజ్‌లో కొక్కెర తెగులు (రాణీఖేత్) టీకా ఉంటే మాత్రం వెంటనే ఐసు ముక్కలున్న థర్మాస్ ఫ్లాస్కులోకి మార్చండి, అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. సీసాను గుడ్డలో చుట్టి ఐసుకు నేరుగా తగలకుండా పెట్టండి. చాలాసేపు వెచ్చబడిన టీకాను వేసి కోళ్లకు రక్షణ ఉందనుకునే కంటే, పారేసి కొత్తది తెచ్చుకోవడం మేలు.